ఇల్లు కొనేవాళ్లకు కొన్ని తిక్క సలహాలు

ముందు సెల్లార్‌లోకి దిగండి. శాంపిల్ ఫ్లాట్ తర్వాత చూడొచ్చు, చూడకపోయినా నష్టం లేదు.

ఇరిగేషన్ శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక తెల్లాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కొనుక్కున్నాను. కోకాపేటలోనో నార్సింగిలోనో కొల్లూరులోనో ఇల్లు చూస్తున్న మా చుట్టాల పిల్లలు సలహా కోసం నా దగ్గరికి వస్తారు. విన్నాక, "పెద్దనాన్నా, ఊరంతా ఒకటి చెప్తే నువ్వొకటి చెప్తావు" అని నవ్వేసి వెళ్లిపోతారు. మా ఇంట్లో వీటికి తిక్క సలహాలని పేరు. పేరు ఏదైనా, వీటిలో ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోను.

సెల్లార్ గోడ మీద తెల్లటి ఉప్పుచార ఎంత ఎత్తున ఉందో చూడండి. గోడలోకి చెమ్మ ఎంతవరకు ఎక్కిందో అదే చెప్తుంది. కరెంటు ప్యానెల్, జనరేటర్ ఎక్కడ పెట్టారో, తోడేసే మోటార్లు ఎన్నో, అవి ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. ర్యాంపు మొదట్లో రోడ్డు నీళ్లు లోపలికి దిగకుండా దిమ్మ కట్టారా లేదా గమనించండి. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో పడ్డ వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా సెల్లార్‌లో మోకాటి లోతు నిలిచింది. ప్యానెల్ అక్కడే, రెండు మోటార్లూ నేల మీదే. కరెంటు పోయింది, లిఫ్టులు ఆగాయి. తెల్లారితే డయాలసిస్‌కు వెళ్లాల్సిన ఒక పెద్దావిడ తొమ్మిదో అంతస్తులో ఉన్నారు. ఇద్దరు వాచ్‌మెన్లు, ఇస్త్రీ బండి అబ్బాయి కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించారు. కొనేటప్పుడు క్లబ్‌హౌస్‌లో ఈతకొలను ఎంత పొడవో అడిగినవాళ్లం, మోటార్లు ఎన్నని ఒక్కరం కూడా అడగలేదు. నీళ్ల శాఖలో పనిచేసిన నేనూ అడగలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

దసరాకు ఆఫర్లుంటాయి, అప్పుడే చూడమంటారు అందరూ. నేను జులై ఆగస్టుల్లో గట్టి వాన పడ్డ రాత్రి వెళ్లమంటాను. మళ్లీ మే నెలలో తెల్లవారుజామున వెళ్లి గేటు బయట గంటసేపు నిలబడి ట్యాంకర్లు లెక్కపెట్టమంటాను. బ్రోచర్లో మంజీరా నీళ్లని రాసి ఉంటుంది. కనెక్షన్ ఎప్పుడొచ్చింది, రోజుకు ఎన్ని కిలోలీటర్లు వదులుతున్నారు, బోర్లు ఎన్ని ఎండిపోయాయి అన్న ప్రశ్నలకు సేల్స్ ఆఫీసులో సరైన జవాబు దొరకదు. ట్యాంకర్ డ్రైవర్ దగ్గర దొరుకుతుంది. మా పక్క కమ్యూనిటీ గురించి ఒకతన్ని అడిగితే, "మామూలు రోజుల్ల ఆరు ట్రిప్పులు సార్, ఎండలు ముదిరినంక లెక్కే లేదు" అన్నాడు. అతనికి ఆ ఫ్లాటు అమ్ముడుపోవాలనీ లేదు, పోకూడదనీ లేదు. అలాంటివాళ్ల మాటే ముందు వినాలి. వాచ్‌మెన్, ఇస్త్రీ అతను, ఇళ్లలో పనిచేసే అమ్మ, వీళ్లందరినీ అడిగాక చివరికి సేల్స్ ఆఫీసుకు వెళ్లండి.

చెరువు కనబడే ఇంటికి ఎక్కువ డబ్బు పెట్టకండి. అసలు బాల్కనీలోంచి చెరువు మరీ దగ్గరగా కనబడితే అక్కడే ఆగిపోండి. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడున్నాయో అదే చెరువు అంచు అనుకుంటారు కొనేవాళ్లు. అంచును తేల్చేది మత్తడి, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగు. నీళ్లు మత్తడి దూకే మట్టానికి చెరువు ఎంత దూరం పరుచుకుంటుందో అదే ఎఫ్‌టీఎల్. అది దాటాక బఫర్ ఉంటుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. ఆ గీతలోపల ఇల్లు కట్టకూడదు.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. "పట్టా భూమేనండీ" అని కాగితం చూపిస్తారు. నిజంగా పట్టానే అయ్యుండొచ్చు. శిఖం, అంటే చెరువు లోపలి భూముల్లో పట్టాలున్న రైతులు ఎప్పటినుంచో ఉన్నారు. నీళ్లు తగ్గినప్పుడు దున్నుకుని పంట తీసుకునేవాళ్లు. దున్నుకునే హక్కు ఉన్నంత మాత్రాన అక్కడ భవనం లేపే హక్కు రాదు. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ ఇచ్చింది అన్నా కూడా ఆ భూమి మీదికి నీళ్లు రాకుండా పోవు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడింది. ఆ సెప్టెంబరులోనే మల్లంపేట దగ్గర కత్వ చెరువులో కట్టిన విల్లాలు కూల్చారు. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో ఎఫ్‌టీఎల్ పటాలున్నాయి. సర్వే నంబరు పట్టుకుని వాటిని చూడండి. గ్రామ నక్షా తీసుకుని పై చెరువు మత్తడి నీళ్లు ఏ వాగులోంచి కింది చెరువుకు పోతాయో వేలితో గీసుకుంటూ రండి. మనవి గొలుసుకట్టు చెరువులు. మధ్యలో దారి మూసేస్తే నీళ్లు మన గేటులోంచే దారి వెతుక్కుంటాయి.

చదరపు అడుగు రేటు అడక్కండి. భూమిలో నా వాటా ఎన్ని గజాలు అని అడగండి. ఐదెకరాలంటే 24,200 గజాలు. అందులో వెయ్యి ఫ్లాట్లు లేపితే తలకు 24 గజాలు, 300 ఫ్లాట్లయితే 80 గజాలు. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది, అంటే గజం రెండు లక్షల పైమాట. ఆ లెక్కనే చూసుకున్నా 24 గజాల విలువ 50 లక్షలు. ఫ్లాటుకు మీరిచ్చేది రెండు కోట్లనుకుంటే మిగిలిన కోటిన్నర సిమెంటుకూ లిఫ్టులకూ క్లబ్‌హౌస్‌కూ పోతుంది. అవి ఏటేటా పాతబడతాయి. మీ మనవడి నాటికి మిగిలేది ఆ వాటానే. సేల్ డీడ్‌లో ఆ అంకె ఉందో లేదో చూడకుండా సంతకం పెట్టకండి.

తక్కువ ధర వద్దు. ఈ మాటకు మా చెల్లెలి కొడుకు అప్పట్లో చాలా కోపం తెచ్చుకున్నాడు. ప్రీలాంచ్‌లో సగం ధరకే వస్తోందని డాలస్ నుంచి మొత్తం డబ్బు ఒకేసారి పంపాడు. ఐదేళ్లయినా అక్కడ రేకుల కంచె, కలుపు మొక్కలు తప్ప ఏమీ లేవు. రెరా చట్టం 2016లోనే వచ్చింది. రిజిస్టరు కాని ప్రాజెక్టులో బుకింగులు తీసుకోవడమే తప్పు. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలైన దాంట్లో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు భూమికీ కట్టడానికీ మాత్రమే వాడాలి. "మొత్తం ఇస్తే తగ్గిస్తాం" అన్న మనిషి ఈ మూడింటినీ పక్కకు తోసేస్తున్నాడు. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చిన ఇల్లు కొనండి. ధర ఎక్కువే, కాకపోతే కడుతున్న ఇంటి మీద పడే ఐదు శాతం జీఎస్టీ దానికి ఉండదు. రెండు కోట్ల మీద అది పది లక్షలు.

శ్రావణంలో మంచి ముహూర్తం ఉందని ఓసీ రాకముందే పాలు పొంగించేవాళ్లను ఎందరినో చూశాను. ముహూర్తాలు ప్రతి ఏడాదీ వస్తాయి. మీరు సామాను దించేశాక మాత్రం ఓసీ తేవడానికి బిల్డర్‌కు ఇంక తొందరేం ఉంటుంది?

తూర్పు వాకిలికి ఎక్కువ ఇవ్వడం గురించి వాదించను. ఎవరి నమ్మకం వాళ్లది. పడకగదికి పడమటి ఎండ తగులుతుందా అన్నది మాత్రం చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినిపించిన సలహా ఇంకొకటుంది. కొనాలనుకున్న కమ్యూనిటీలోనే ముందు ఒక ఏడాది అద్దెకుండండి. అద్దె దండగంటారు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, అసోసియేషన్ సర్వసభ్య సమావేశం ఒకటి ఆ అద్దెతో చూస్తారు. కార్పస్ ఫండ్ బిల్డర్ అప్పగించాడా, ఏ బ్యాంకులో ఉంది, నెలనెలా లెక్కలు నోటీసు బోర్డులో పెడుతున్నారా అన్నది అద్దెకున్నవాళ్లకు నెలలోపే తెలిసిపోతుంది.

అక్కడ మనుషులు ఎలాంటివాళ్లో కూడా తెలుస్తుంది. ఆ అక్టోబరు వాన తర్వాత మేం వాడే లిఫ్టులు బాగయ్యాయి. పెద్దావిడను తొమ్మిది అంతస్తులు మోసుకొచ్చిన ముగ్గురూ ఆమెను చూడటానికి వస్తే, "పనివాళ్లు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను" అని బోర్డు. సర్వీస్ లిఫ్ట్ ఇంకా బాగవలేదు. మెట్లెక్కే పోయారు. ఆ వారమే మీటింగులో లేచి ఆ బోర్డు తీసేయమన్నాను. ఆస్తి విలువ పడిపోతుందన్నారు కొందరు. రెండో మీటింగుకు పెద్దావిడ వీల్‌చైర్‌లో వచ్చి కూర్చున్నారు. ఓటు పెట్టారు, బోర్డు తీశారు.

మీరు చూడబోయే చోట లిఫ్టు పక్కన అలాంటి బోర్డు ఉందేమో చూసి రండి. ఉంటే, కొనేముందే అసోసియేషన్ వాళ్లను ఎందుకని అడగండి.