బొమ్మ ఎవరిదండీ?

ఈ మధ్య చిత్రకారులు సంస్థల మీద అనవసరంగా నోరు పారేసుకుంటున్నారు. ఏఐతో ఓ బొమ్మ వేయించుకున్నంత మాత్రాన కొంపలేం మునిగాయి? ఆర్టిస్టయితే అడ్వాన్సు అడుగుతాడు. గడువు అడుగుతాడు. "రంగు కాస్త పెంచండి, మా లోగో ఇంకాస్త పెద్దది చెయ్యండి" అని పద్నాలుగోసారి చెబితే మొహం మాడ్చుకుంటాడు. అన్నిటికీ మించి, కింద మూలన సంతకం పెడతానంటాడు. యంత్రానికి ఈ జబ్బులేవీ లేవు. అర్ధరాత్రి అడిగినా నాలుగు బొమ్మలు పడేస్తుంది. నచ్చలేదంటే ఇంకో నాలుగు.

సంతకం జబ్బు మాత్రం దానికీ కొంచెం అంటుకుంది. తొలినాళ్ల ఏఐ బొమ్మలు కొన్నిటిని పెద్దవి చేసి చూస్తే, కింద మూలన ఓ గిలుకుడు కనిపించేది. ఏ భాషా కాదు, ఎవరి పేరూ కాదు. పెయింటింగన్నాక ఆ మూలన ఏదో ఓ వంకర గీత ఉండాలి కాబోలనుకుంది పాపం. ఎలా నేర్చుకుందంటారా? సంతకాలున్న బొమ్మల్ని మింగి. 2022లో విడుదలైన లాయన్-5బి అనే సంకలనంలో, నెట్‌లోంచి ఏరిన 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి వివరణలు ఉన్నాయి. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐకి అక్షరాభ్యాసం జరిగింది ఆ కుటుంబపు సరుకుతోనే. వేసినవాళ్లను ఒక్క మాట అడిగారా? అడిగితే కాదంటారేమోనని అడగలేదు, అంత మొహమాటం. 2023లో ఫోటోలమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థ కోర్టుకెక్కి చూపించిందీ ఇలాంటిదే: యంత్రం వేసిన బొమ్మ మీద తమ వాటర్‌మార్కు, వంకరటింకరగా. ఎత్తుకొచ్చిన చొక్కా తొడుక్కున్నవాడు కాలరు లోపలి లాండ్రీ గుర్తు చెరపడం మరిచిపోయినట్టు.

"ఫ్లెక్సీలొచ్చినప్పుడూ ఇలాగే గోల పెట్టారు కదండీ, ఏమైంది?" అంటారు సంస్థల పెద్దలు. ఏమైందో గోడల మీదా గుడ్డ బ్యానర్ల మీదా రాసి బతికిన ఆర్టిస్టుల ఇళ్లలో అడగాలి. కాకపోతే ఒక తేడా ఉంది. ఫ్లెక్సీ మెషీను వాళ్ల నోటికాడి కూడు లాక్కుంది గానీ, వాళ్ల పనితనం నేర్చుకుని దాన్నే వాళ్లకి పోటీగా అమ్మలేదు. ఏఐ ఆ రెండు పనులూ చేస్తుంది.

పోనీ, ఇందులో తప్పేమీ లేనప్పుడు "బొమ్మ: కంప్యూటరు" అని దర్జాగా వేసుకోవచ్చుగా? అక్కడే గొంతులో వెలక్కాయ పడుతుంది. అమెరికాలో 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే కార్డుల ఆట ఉంది. ఆటకు సగం ప్రాణం కార్డుల మీది బొమ్మలే. ప్రతి కార్డు కింద ఆర్టిస్టు పేరు అచ్చేస్తారు. ఆ ఆట తెచ్చే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్, తమ కార్డుల బొమ్మలకు ఏఐ వాడకూడదని 2023 డిసెంబరులో ఆర్టిస్టులకు గట్టిగా చెప్పింది. నెల తిరక్కుండానే, 2024 జనవరిలో, ప్రచారానికి కార్డులున్న ఓ బొమ్మ పెట్టింది. అభిమానులు కార్డులు చూడలేదు, వెనకాల సామాను చూశారు. మీటరు మీద అంకెల్లాంటివేవో ఉన్నాయి గానీ అంకెలు కావు. బల్బులో తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఎడిసన్‌కి కూడా అంతుపట్టదు. "అబ్బే, మనుషులు వేసిందే" అంది సంస్థ. వారం తిరక్కుండా, ఏఐ ముక్కలు కొన్ని దూరిన మాట నిజమేనని, బయటివాళ్లు చేసిచ్చినా బాధ్యత తమదేనని ఒప్పుకుంది. ఆపాటి ఒప్పుకోలు కూడా అరుదే కాబట్టి ఓ నమస్కారం. ఈలోగా వాళ్లకు బొమ్మలు వేసే ఆర్టిస్టు ఒకాయన మీకో దణ్ణమని చెప్పి తప్పుకున్నాడు.

ఆ మరుసటి నెలలోనే గ్లాస్గోలో, పిల్లల కథలోని చాక్లెట్ ఫ్యాక్టరీ యజమాని విల్లీ వోంకా పేరు చెప్పి పిల్లలకో చాక్లెట్ లోకం చూపిస్తామన్నారు. ఏఐ పోస్టర్లలో ఇంద్రభవనం, ఏ నిఘంటువులోనూ లేని మాటలు. 35 పౌండ్ల దాకా పోసి టికెట్లు కొని లోపలికెళ్తే, ఉన్నది బోసి గోడౌను. పిల్లలకు దక్కినవి కాసిని జెల్లీ బీన్స్, పావు కప్పు లెమనేడ్. చివరికి పోలీసులొచ్చారు. మనిషి వేసే పోస్టరయితే, "లోపల ఏముందండీ?" అని అతనైనా ముందు అడిగేవాడు. అడగని పనివాడు దొరకడమే కదా ఏఐలో అసలు సుఖం!

ఇక మన సంగతి. అమెరికాలో ఓ తెలుగు సంఘం మహాసభలకు పోస్టరు కావాలనుకుందాం. ఊళ్లో బొమ్మలు వేసే తెలుగు కుర్రాడున్నా, కార్యదర్శిగారు పైసా ఖర్చు లేకుండా ఫోన్లోనే కానిచ్చేశారు. చార్మినార్ పక్కనే గాలిగోపురం, ముందు కూచిపూడి నర్తకి, కుడిచేతికి ఆరు వేళ్లు. అక్షరాలు దూరం నుంచి తెలుగే, దగ్గరికెళ్తే తలకట్లు మాత్రమే మనవి. అందరూ లైకులు కొట్టారు. తర్వాత సంఘం చీలింది. చీలకపోతే అది తెలుగు సంఘమే కాదు. చీలిన వర్గం అదే పోస్టరు మీద అధ్యక్షుడి ఫోటో మార్చి తమ సభలకు వేసుకుంది. కార్యదర్శిగారు కడుపు మండిపోయి లాయరు దగ్గరికి పరిగెత్తారు.

"మా బొమ్మ కొట్టేశారండీ!"

"వేసిందెవరండీ?"

"ఏఐ. కానీ ఏం వెయ్యాలో టైపు చేసింది నేనే!"

లాయరుగారు కళ్లజోడు తీశారు. మనిషి ప్రమేయం లేకుండా యంత్రం వేసిన బొమ్మకు కాపీరైటు లేదని వాషింగ్టన్ కోర్టు 2023 ఆగస్టులో తేల్చింది, 2025 మార్చిలో పైకోర్టూ అదే అంది. ఏం వెయ్యాలో టైపు చేసినంత మాత్రాన సొంతదారు కాలేరని 2025 జనవరిలో కాపీరైటు ఆఫీసు కూడా చెప్పింది. కాబట్టి ఆ బొమ్మ మీదీ కాదు, వాళ్లదీ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు అన్నారాయన.

కార్యదర్శిగారు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా లేచారు. ఆర్టిస్టుకివ్వడానికి చేతులు రాని డాలర్లు లాయరుకి గంటల లెక్కన చెల్లించి, రసీదు మీద ఆయన సంతకం ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ బయటపడ్డారు.