జెండా పైన, గెడ్డ కింద

విశాఖ వాసులకు సముద్రం ఉచితం. అందులో ఏం కలిపినా ఉచితమే. ఊళ్లోని గెడ్డలు ఒకప్పుడు కొండల మీద కురిసిన వానను కడలికి మోసుకెళ్లేవి, ఎండాకాలం ఎండిపోయేవి. ఇప్పుడు చుక్క వాన లేకపోయినా ఇళ్ల మురుగుతో నల్లగా, నిండుగా పారుతున్నాయి. కరువెరుగని జీవనదులు! వీటి మీద ఇంకా ఆనకట్ట కట్టలేదేమిటో నీటిపారుదల శాఖవారు!

మనిషి పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు అలా గెడ్డ దారిన తీరానికి విహారయాత్రకొస్తాయి. వాటి వెంట విరేచనాలు, కామెర్లు తెచ్చే వైరస్‌లు కూడా రావచ్చు. స్నానం చేసే సముద్రపు నీటిలో 100 మిల్లీలీటర్లకు ఫీకల్ కోలిఫాం అనే మలబాక్టీరియా 100 దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఉప్పునీటిలో ఇంకాస్త ఎక్కువ కాలం బతికే ఎంటెరోకాకై అనే మరో మొండిఘటానికి మాత్రం ఆ పట్టికలో చోటు దొరకలేదు. లెక్కపెట్టకపోతే లేనట్టే కదా, జనగణన సూత్రం!

శుభ్రమైన బీచ్‌లకు గుర్తింపు జెండా ఇచ్చే బ్లూ ఫ్లాగ్ వాళ్లు ఎంటెరోకాకైనీ లెక్కపెడతారు. డెన్మార్క్ నుంచి నడిచే ఆ సంస్థ 2020లో విశాఖలోని రుషికొండ బీచ్‌కు జెండా ఇచ్చింది. 2025లో దాన్ని తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది. అప్పుడు పత్రికల్లో కారణాలుగా కనిపించిన మాటలు వీధికుక్కలు, పనిచేయని కెమెరాలు, మరుగుదొడ్లు. ఇక చూడాలి హడావుడి! పెళ్లివారు వీధి మలుపు తిరిగారని తెలిసిన ఇల్లులా అయింది తీరం. కొద్ది వారాల్లోనే జెండా మళ్లీ ఎగిరింది. అంటే మనకు చేతకాక కాదు, చూసేవాళ్లుంటే చేస్తాం. అయితే ఆ జెండా కాపు కాసేది కొన్ని వందల మీటర్లే. ఆ హద్దు దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగే బాక్టీరియా ఇంకా పుట్టలేదు.

పోనీ, పరీక్ష చేయిస్తే? నమూనా ప్రయోగశాలకెళ్లాలి, అక్కడ సుమారు ఒక రోజు వెచ్చగా పడుకోవాలి, ఆ తర్వాతే లెక్క తేలుతుంది. కార్తీక పౌర్ణమినాడు మూడు మునకలేసిన భక్తుడు తాను ఏ తీర్థంలో మునిగాడో తెలుసుకోవాలంటే మర్నాటి దాకా ఆగాలి. అదీ ఎవరైనా చెబితే.

లాస్ ఏంజెలస్‌లో వాన పడితే 72 గంటల పాటు సముద్రంలో దిగవద్దని ఆరోగ్యశాఖ జనానికి చెబుతుంది. పిరికివాళ్లు! మన దగ్గర వాన వెలిసిందంటే పిల్లాపాపలతో బీచ్ రోడ్డు నిండిపోతుంది. ఊరు మొత్తం కడిగిన నీళ్లు గెడ్డ నోటి నుంచి దూకే ముహూర్తం, మనం పాదాలు తడుపుకునే ముహూర్తం ఒక్కటే.

మందు తెలియక కాదు. ఇళ్ల మురుగును భూగర్భ పైపుల్లోకి కలపాలి. వాన లేని రోజుల్లో గెడ్డ నీటిని కడలి అంచుకు చేరకముందే మళ్లించి శుద్ధి కేంద్రానికి పంపాలి. వచ్చిన చిక్కల్లా ఒకటే: భూమిలో పూడ్చిన పైపుకు రిబ్బన్ ఎక్కడ కట్టాలి? దాని ముందు నిలబడి సెల్ఫీ ఎవడు దిగుతాడు? ఇసుకలో ఊరి పేరు పెద్ద అక్షరాలతో నిలబెడితే మాత్రం సాయంత్రానికి ఫోన్లన్నీ నిండిపోతాయి.

ఇంత మురుగు మింగినా సముద్రం మీద ఒక్క కేసూ నిలబడదు. ఆదివారం పిల్లాడు రెండు గుక్కల ఉప్పునీళ్లు మింగుతాడు. సోమవారం కడుపు పట్టుకుంటాడు. తల్లి తీర్పు తడుముకోకుండా వస్తుంది: "ఆ మురీ మిక్చర్ తినొద్దంటే విన్నావా?" మంగళవారం అధికారులొచ్చి ఆ మిక్చర్ బండి ఎత్తుకుపోతారు. బండి పోయిన చోట గెడ్డ మరో అడుగు వెడల్పుగా, ఎవరి అనుమతీ లేకుండా, లైసెన్సు ఫీజు కట్టకుండా వ్యాపారం సాగిస్తుంది.