నాలాకు సరిపడా వానను లెక్కగట్టడం ఎలా?

వానను బట్టి నాలా కట్టడం పాతకాలపు పద్ధతి. అందులో భూసేకరణ ఉంటుంది, స్టే ఆర్డర్లుంటాయి, పెద్దమనిషి ఎవరిదో ప్రహరీగోడ అడ్డొస్తుంది. ఉన్న నాలాను బట్టి వానను లెక్కగట్టడం సులువు. డీపీఆర్‌లు (ప్రాజెక్టు నివేదికలు) రాయడానికి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తాయని నాలుగు చిట్కాలు చెబుతాను.

కొలత దగ్గరే మొదలుపెట్టాలి. వర్షమాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు, లోపలి సీసా 4 లీటర్లది అనుకోండి. సరిగ్గా 200 మిల్లీమీటర్ల వానకు సీసా నిండుతుంది. ఆపైన పడ్డది పొంగి కింది డబ్బాలోకి దిగుతుంది. ఆ నీళ్లనూ కొలజాడీలో పోసి కలపాలని నియమం. మీరు కలపకండి. వాతావరణ శాఖ లెక్కలో ‘అత్యంత భారీ వర్షం’ అనిపించుకోవాలంటే 204.5 మిల్లీమీటర్లు పడాలి కాబట్టి, సీసా పుణ్యమా అని మీ ఊళ్లో ఆ వాన ఎన్నటికీ పడదు. రోడ్లు మునిగి, కొలిచే మనిషి పొద్దున్నే రాలేకపోయిన రోజున గడి ఖాళీగా వదలకుండా సున్నా వేసేయండి. కుండపోత కురిసిన రోజులే ఇలా సున్నాలవుతుంటే సగటు కూడా ముచ్చటగా దిగివస్తుంది.

తర్వాత భాగహారం. 2000 ఆగస్టు 24న హైదరాబాద్ బేగంపేటలో 24 గంటల లెక్క 241.5 మిల్లీమీటర్లు. చూస్తే గుండె గుభేలుమంటుంది. 24తో భాగించండి: గంటకు 10. అంతే కదా, గొడుగుతో పోయే వాన! నాలా పొంగేది రోజు మొత్తం పడ్డదానికి కాదు, ఆ గంటలోనో అరగంటలోనో దంచికొట్టినదానికి అని ఎవరైనా గొణిగితే గంటవారీ లెక్కలు అందుబాటులో లేవనండి. చాలాచోట్ల అది నిజం కూడాను. వాతావరణ శాఖ రోజు పొద్దున 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగియడం మరో వరం. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా కురిసిన వాన రెండు రోజుల పద్దుల్లోకి చీలిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి రోజువారీ గరిష్ఠాన్ని 1.13తోనో 1.15తోనో హెచ్చించేవాళ్లున్నారు. చాదస్తం.

అసలు విద్య కొట్టివేతలో ఉంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. పట్టికలో మిగతా అంకెల పక్కన అది చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. దశాంశం జారిందని చెప్పి 64.98 చేయండి. ‘భారీ వర్షం’ 64.5 దగ్గరే మొదలవుతుంది కాబట్టి లక్ష్మీదేవిపేటకు మర్యాదా దక్కుతుంది. అదే రోజు చిట్యాలలో 616.5 పడింది కదా అంటారా? అక్కడా దశాంశం జారింది. సరిగ్గా పదేళ్ల ముందు, 2013 జులైలో, వాజేడులో పడ్డ 517.5? ఆ ప్రాంతంలో దశాంశాలు జారడం రివాజు. మనం లెక్కగట్టేదే అసాధారణమైన వానల గురించి అయినప్పుడు అసాధారణంగా ఉన్నాయని వాటినే తీసేస్తే ఇక మిగిలేదేమిటని అడిగే కుర్రాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. వాళ్లను ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు రాసే సీట్లో కూర్చోబెట్టండి.

కొట్టేయడానికి మనసొప్పకపోతే సగటు తీయండి. 2005 జులై 26న ముంబై శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్లు, అదే ఊరి కొలాబాలో 73. సగటు 508.5. ఆ రెండు చోట్లా పడని వాన అది. శాంతాక్రూజ్‌కు చాలదు, కొలాబాకు అక్కర్లేదు.

ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా తీసుకోవాలన్నది మీ చేతిలోనే ఉంది. 1971లో మొదలుపెట్టి 1999లో ఆపితే 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదా ఉండదు, 2000 ఆగస్టూ ఉండదు, హైదరాబాద్ మునిగిన 2020 అక్టోబరూ ఉండదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఆ మూసీ వరద చూసే పైన జలాశయాలు కట్టమన్నారు. ఆయనకు ఎక్సెల్ లేదు, పాపం.

అరుదైన పెద్ద వానను అంచనా వేసే సూత్రం మాటకొస్తే గుంబెల్ చాలు. ఏటికొక గరిష్ఠం చొప్పున తీసి అందులో వేస్తే అంకె వస్తుంది. ఇందులో తోక, అంటే అరుదైన పెద్ద వానల వంతు, ఎంత బరువుండాలన్నది ముందే ఖాయం కాబట్టి ఆలోచించే పని తప్పుతుంది. బరువు తోకకు చోటిచ్చే సూత్రాలు వాడితే వందేళ్ల వాన అంకె ఉబ్బుతుంది, దాంతో నాలా వెడల్పూ ఉబ్బుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల లెక్కలతో వందేళ్ల వాన చెప్పేటప్పుడు ఇంతకూ అంతకూ మధ్య అని విస్తారమైన హద్దులు వస్తాయి. వాటిని అనుబంధంలో చిన్న అక్షరాల్లో పెట్టండి. ముందు పేజీలో మాత్రం దశాంశం తర్వాత రెండు స్థానాలుండాలి. అవి చూశాకే పైవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఇక జనం. వందేళ్ల వాన అంటే ఏటా నూటికి ఒక వంతు అవకాశమనీ, ముప్ఫై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఒక్కసారైనా ఆ వాన చూసే అవకాశం 26 శాతమనీ వాళ్లకు చెప్పకండి. ఈ ఏడు మునిగిన కాలనీవాళ్లు వచ్చి నిలదీస్తే, మీ వందేళ్ల వాన అయిపోయిందమ్మా, ఇక మునిమనవల దాకా నిశ్చింత అనండి. రెండేళ్లకే మళ్లీ మునిగి వస్తే వచ్చే శతాబ్దం కోటా అడ్వాన్సుగా పడిందని చెప్పి, రసీదు అడిగేలోగా లంచ్‌కు లేవండి.