కొత్త దేవదూత: ఒక కాగితం ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక కాగితానిది. ఎత్తు 31.8 సెంటీమీటర్లు, వెడల్పు 24.2. దాని మీద నల్లటి గీతలతో, పలుచని పసుపు, గోధుమ రంగుల పూతతో ఒక దేవదూత బొమ్మ ఉంది. ఒంటికి మించిన తల, సురుళ్లు తిరిగిన జుట్టు, పక్కకు చూస్తున్న కళ్లు, తెరిచిన నోట్లో ఎడమెడంగా పళ్లు. పైకెత్తినవి చేతులో రెక్కలో తేల్చి చెప్పడం కష్టం. కాళ్లు మాత్రం పక్షివి. వేసినవాడు పాల్ క్లే, సంవత్సరం 1920. పేరు ‘ఏంజెలస్ నోవస్’, అంటే కొత్త దేవదూత. ఇప్పటి చిరునామా జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియం. మ్యూజియంలో బతికే వస్తువుకు పక్కన అంటించిన చీటీ భాషే ఒంటబడుతుంది కనుక, ఈ కాగితం తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా ‘నేను’ అనదు.

పుట్టింది మ్యూనిక్‌లో. క్లే 1879లో స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర పుట్టినా, తండ్రి జర్మన్ కావడంతో జర్మన్ పౌరుడే అయ్యాడు. ఆ పౌరసత్వమే 1916లో అతన్ని సైన్యంలోకి లాగింది. స్నేహితులైన చిత్రకారుల్లో ఆగుస్ట్ మాకె 1914లోనే, ఫ్రాంజ్ మార్క్ 1916లో వెర్డున్ దగ్గర యుద్ధంలో పోయారు. క్లేని ముందు వరుసకు పంపలేదు. విమాన స్థావరంలో విమానాలకు రంగులు పూశాడు, తర్వాత గెర్స్ట్‌హోఫెన్‌లో జీతాల లెక్కలు రాసే గుమాస్తాగా కూర్చున్నాడు. విమానాలకు వాడే నారబట్ట ముక్కల మీద కూడా తీరిక వేళల్లో బొమ్మలు వేసుకున్నాడు. 1918 నవంబరులో చక్రవర్తి గద్దె దిగాడు. 1919 ఏప్రిల్‌లో మ్యూనిక్‌లో కార్మికుల, సైనికుల కౌన్సిళ్ల రిపబ్లిక్ ఏర్పడింది. దాని కోసం పనిచేసిన విప్లవ కళాకారుల కమిటీలో క్లే కూడా చేరాడు. ఆ రిపబ్లిక్ నెల రోజులైనా నిలవలేదు. మే మొదట్లో ప్రభుత్వ సేనలు, వాటితో కలిసి వచ్చిన స్వచ్ఛంద సాయుధ దళాలు దాన్ని అణచివేశాయి. అరాచకవాద చింతనాపరుడు గుస్టావ్ లాండవర్‌ను జైల్లో కొట్టి చంపారు. క్లే కొంతకాలం స్విట్జర్లాండ్‌కు తప్పుకున్నాడు. ఈ బొమ్మ ఆ మరుసటి ఏడాదిదే. అయినా పైన తుపాకీ లేదు, జెండా లేదు, శవం లేదు.

బొమ్మ వేసిన పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కాగితం కళ్లారా చూసిన సంగతి అదొక్కటే; మిగతావన్నీ ఇతరులు చెప్పుకోగా విన్నవి. క్లే ముందు వేరే కాగితం మీద బొమ్మ గీసుకునేవాడు. మరో పలుచని కాగితానికి ఒకవైపు నల్లటి నూనెరంగు పూసి, అది కాస్త ఆరాక, పూత కిందికి వచ్చేలా శుభ్రమైన కాగితం మీద పరిచేవాడు. అన్నిటికీ పైన గీసుకున్న బొమ్మను పెట్టి, దాని గీతల వెంట సూదిమొన లాంటి పనిముట్టుతో నొక్కుకుంటూ పోయేవాడు. కార్బన్ పేపరు పెట్టి రసీదు రాసినట్టన్న మాట. గీత కిందికి దిగుతుంది, అయితే పెన్సిలు గీతలా నున్నగా రాదు. అంచులు చెదిరి, గరుకుగా పడుతుంది. పని చేస్తున్నప్పుడు అరచేయి ఆనిన చోటల్లా నల్లటి మరకలు కూడా దిగుతాయి. ఆ తర్వాత నీటిరంగులు పూస్తాడు. దేవదూత చుట్టూ ఉన్న మసకలో యుద్ధభూమి పొగను చూసినవాళ్లున్నారు. ఈ కాగితానికి తెలిసింది ఒక చేతి బరువు మాత్రమే. ఇంకో మాట: అపురూపమైన అసలు ప్రతిగా పేరుపడ్డ ఈ బొమ్మ, నిజానికి ఒక నకలు తీసే పద్ధతిలో పుట్టినదే.

చివరగా క్లే దీన్ని ఇంకో పాత కాగితం మీద అంటించి, 1920 సంవత్సరపు పనుల్లో 32వ అంకె వేశాడు. 1911 నుంచీ తన పనులన్నిటికీ సొంత చేత్తో పట్టిక రాసుకునే అలవాటు అతనిది. ఆ అడుగు కాగితం ఏమిటో తొంభై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు.

అదే ఏడాది ఫిబ్రవరి 26న బెర్లిన్‌లోని మార్మోర్‌హౌస్ థియేటర్లో ‘డాక్టర్ కాలిగరి’ సినిమా విడుదలైంది. దర్శకుడు రాబర్ట్ వీనె. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ వేసిన సెట్లలో గోడలు వాలిపోయి ఉంటాయి, కిటికీలు వంకరగా ఉంటాయి, నీడల్ని కూడా దీపాలతో కాకుండా చాలాచోట్ల కుంచెతోనే సృష్టించారు. చిత్రకళ అలా తెరమీదికి నడిచి వచ్చింది. ఇరవై ఏడేళ్ల తర్వాత, 1947లో, సినిమా విమర్శకుడు సీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ అమెరికాలో ఉంటూ ఆ సినిమా నుంచి హిట్లర్ దాకా ఒకే గీత గీసి పుస్తకం రాశాడు: ఒక మనిషిని నిద్రలో నడిపించి హత్యలు చేయించిన ఆ డాక్టర్‌లో రాబోయే నియంత ముందే కనిపించాడన్నది వాదన. జరిగిపోయాక వెనక్కి చూస్తే ఇలాంటి గీతలు బాగా నిటారుగా వస్తాయి. 1920లో టిక్కెట్టు కొన్నవాళ్లు భయపడటానికి వెళ్లారు, అంతే. ఇలా వెనక నుంచి చదివే అలవాటు వల్లే ఈ కాగితానికీ కీర్తి వచ్చింది కనుక, దానిమీద మరీ ఫిర్యాదు చేయడం బాగుండదు.

1920 మే, జూన్ నెలల్లో మ్యూనిక్ వ్యాపారి హాన్స్ గోల్ట్స్ తన గ్యాలరీలో క్లే పనులు 362 ఒకేసారి ప్రదర్శించాడు. మరుసటి ఏడాది వాల్టర్ బెంజమిన్ అనే ఇరవై ఎనిమిదేళ్ల బెర్లిన్ రచయిత మ్యూనిక్ వచ్చి వెయ్యి మార్కులిచ్చి ఈ బొమ్మ కొన్నాడు. సంపన్న యూదు కుటుంబంలో పుట్టినా సొంత సంపాదన అంతంతమాత్రం. మ్యూనిక్‌లో చదువుకుంటున్న స్నేహితుడు గెర్షోమ్ షోలెమ్ గదిలో ఈ కాగితం మొదట కొన్ని నెలలు వేలాడింది. యూదు మార్మిక సంప్రదాయం మీద పరిశోధన చేస్తున్న షోలెమ్, బెంజమిన్ పుట్టినరోజుకి ఈ దేవదూత నోట పలికించిన ఒక కవిత రాసి ఇచ్చాడు. అంటే ఈ బొమ్మ చేత తొలిసారి మాట్లాడించింది షోలెమే. ఈ ఆత్మకథ ఆ దారిలో ఆలస్యంగా వచ్చింది. బెంజమిన్ ‘ఏంజెలస్ నోవస్’ పేరుతోనే ఒక పత్రిక పెట్టాలనుకున్నాడు. క్షణక్షణానికీ కొత్త దేవదూతలు పుట్టి, దేవుడి ముందు ఒక్క పాట పాడి మాయమైపోతారన్న యూదు గాథ అతని మనసులో ఉంది. పత్రిక ఆ ఒక్క పాటైనా పాడలేదు; ద్రవ్యోల్బణం మొదటి సంచికనే మింగేసింది. 1923 నవంబరుకు ఒక డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులైంది. ఈ బొమ్మ ఖరీదుతో ఆనాటికి అగ్గిపుల్ల కూడా వచ్చేది కాదు.

ఈలోగా క్లే 1921 జనవరిలో వైమార్‌లోని బౌహౌస్ కళాశాలలో బోధించడం మొదలుపెట్టాడు. 1922 డిసెంబరులో బౌహౌస్ కళాకారుల పనులు కలకత్తా ప్రదర్శనకు వెళ్లినప్పుడు క్లేవీ వాటిలో ఉన్నాయి. ఈ కాగితానికి ఆ సముద్రయానం దక్కలేదు. అప్పటికే ఒకరి గోడకు చేరిపోయింది.

బెర్లిన్ గోడ మీద నుంచి చూస్తే బెంజమిన్ జీవితం అప్పులు, ఊళ్లు మారడం, పుస్తకాలు కొనడం. జర్మన్ విషాద నాటకం మీద రాసిన సిద్ధాంత గ్రంథాన్ని ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం 1925లో వెనక్కి తీసుకొమ్మంది. దాంతో అధ్యాపక ఉద్యోగం ఆశ పోయింది. పత్రికలకు వ్యాసాలు, రేడియోకు ప్రసంగాలు రాసి బతికాడు. మాస్కో వెళ్లొచ్చాడు, సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ ‘పొటెమ్‌కిన్’ సినిమాను సమర్థిస్తూ రాశాడు, నాటకకర్త బ్రెష్ట్‌తో స్నేహం చేశాడు. షోలెమ్ మార్మికత ఒకవైపు, బ్రెష్ట్ మార్క్సిజం మరోవైపు లాగుతుంటే ఎటూ పూర్తిగా వెళ్లలేదు. ఆ తికమకలోనే అతని బలం ఉందని ఈ కాగితం అభిప్రాయం. 1931లో వియన్నా వ్యంగ్య రచయిత కార్ల్ క్రౌస్ మీద రాసిన వ్యాసం చివర ఈ దేవదూతే ప్రత్యక్షమవుతుంది, అదీ వరాలిచ్చే రూపంలో కాదు, మనుషుల దగ్గర ఉన్నవి లాక్కుని వాళ్లను విడిపించే రూపంలో. 1932లో ఆత్మహత్య చేసుకోవాలని రాసుకున్న వీలునామాలో ఈ బొమ్మ షోలెమ్‌కు చెందాలని పెట్టాడు. ఆ ఆలోచన అప్పటికి విరమించుకున్నాడు.

1933లో నాజీలు వచ్చారు. అప్పటికి క్లే బోధిస్తున్న డ్యూసెల్‌డార్ఫ్ కళా అకాడమీ అతన్ని తొలగించింది. ఏడాది చివరికి బెర్న్ చేరాడు. 1937లో మ్యూనిక్‌లో పెట్టిన ‘భ్రష్ట కళ’ ప్రదర్శనలో అతని పనులు 17 వేలాడదీశారు, ప్రభుత్వ మ్యూజియాల నుంచి వందకు పైగా స్వాధీనం చేసుకున్నారు. ఈ కాగితం ఏ మ్యూజియంలోనూ లేకపోవడం వల్ల బతికిపోయింది. బెంజమిన్ 1933 మార్చిలోనే బెర్లిన్ వదిలాడు. ఆ వేసవిలో ఇబిజా దీవిలో బొమ్మ దగ్గర లేకుండానే దాని గురించి ఒక చిన్న, గూఢమైన రచన చేశాడు. 1935 ప్రాంతంలో తెలిసినవారొకరు ఈ బొమ్మను పారిస్‌కు చేర్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంజమిన్ యాంత్రిక పునరుత్పత్తి యుగంలో కళాకృతి ఏమవుతుందన్న వ్యాసం రాస్తున్నాడు. 1936లో అది మొదట ఫ్రెంచిలో అచ్చయింది. ఒకే చోట, ఒకే ఒక్కటిగా ఉండటం వల్ల కళాకృతి చుట్టూ ఏర్పడే ప్రభను ఫొటో, సినిమా చెరిపేస్తాయని అతని వాదన. దీనికి అతను కన్నీళ్లు పెట్టలేదు. గుడిలో విగ్రహం ముందు చేతులు కట్టుకునే చూపరి స్థానంలో, కోతల మీద కోతలుగా వచ్చే దృశ్యాల దెబ్బలకు అలవాటుపడి, గుంపులో నవ్వుతూనే విమర్శించగల ప్రేక్షకుడు వస్తాడని ఆశించాడు. చాప్లిన్ సినిమాలు అతనికి ఉదాహరణ. ఆశకు పక్కనే హెచ్చరికా ఉంది: ఫాసిజం జనానికి హక్కులివ్వకుండా వాళ్ల ముఖాలను తెరమీద చూపించి తృప్తిపరుస్తుంది, రాజకీయాన్ని అందాల ప్రదర్శనగా మార్చి చివరికి యుద్ధంలో తేలుతుంది. నూరెంబర్గ్ నాజీ సభల మీద లేనీ రీఫెన్‌స్టాల్ తీసిన ‘ట్రయంఫ్ ఆఫ్ ద విల్’ 1935లోనే తెరమీదికి వచ్చింది. ప్రభ పోవడం మంచిదేనని రాసినవాడే, నకలుతో సరిపెట్టుకోకుండా ఈ ఒక్క అసలు కాగితం కోసం దేశాలు దాటించాడు. ఇది అతని సిద్ధాంతానికి విరుద్ధమే. 1939లో అమెరికా ప్రయాణ ఖర్చుల కోసం అమ్మబోయాడు కూడా, బేరం కుదరలేదు.

ఆ ఏడాది ఆగస్టులో హిట్లర్, స్టాలిన్ ఒప్పందం చేసుకున్నారు. సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఫ్రాన్స్ తన గడ్డ మీది జర్మన్లను, నాజీల బాధితులను కూడా, నిర్బంధ శిబిరాలకు పంపింది. నెవేర్ దగ్గరి శిబిరం నుంచి నవంబరులో తిరిగొచ్చిన బెంజమిన్, 1940 తొలి నెలల్లో చరిత్ర భావన మీద పద్దెనిమిది చిన్న ఖండికలు రాశాడు. కొన్ని వార్తాపత్రికల చుట్టుకాగితాల మీద రాసినవి. తొమ్మిదో ఖండికకు షోలెమ్ కవితలోని చరణాన్ని తలకట్టుగా పెట్టి, ఈ బొమ్మను చరిత్ర దేవదూత అన్నాడు. ఆ దేవదూత మొహం గతం వైపు ఉంది. ఎదుట శిథిలాలు పేరుకుపోతున్నాయి. ప్రగతి అనే తుఫాను అతన్ని వెనక్కి, భవిష్యత్తులోకి నెడుతోంది. దెబ్బ ముఖ్యంగా సోషల్ డెమోక్రాట్ల మీద. కాలం దానంతటదే తమవైపు నడుస్తోందన్న వాళ్ల నమ్మకమే కార్మికవర్గాన్ని నిరాయుధం చేసిందని బెంజమిన్ నిర్ధారణ.

సాక్ష్యం అడిగితే ఈ కాగితం ఇంతే చెప్పగలదు: దాని మీద శిథిలాలు లేవు, తుఫాను లేదు. ఒక బొమ్మ, కొన్ని మరకలు ఉన్నాయి. దేవదూత భయపడుతున్నాడో, పాడబోతున్నాడో క్లే రాయలేదు. శిథిలాలు చూపరి తెచ్చుకున్నవి. 1940 పారిస్‌లో వాటి కోసం ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు.

జూన్‌లో జర్మన్ సేన పారిస్‌కు వస్తుండగా బెంజమిన్ ఈ కాగితాన్ని ఫ్రేము నుంచి కోసి తీసి, తన రాతప్రతులతోపాటు పెట్టెలో పెట్టాడు. జాతీయ గ్రంథాలయంలో పనిచేసే రచయిత జార్జ్ బతాయ్ వాటిని అక్కడే దాచాడు. జూన్ 29న క్లే స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు. సెప్టెంబరు 26న ఫ్రాన్స్ సరిహద్దు దాటిన బెంజమిన్, స్పెయిన్ అధికారులు వెనక్కి పంపుతామనడంతో పోర్ట్‌బౌ ఊళ్లో మార్ఫిన్ మింగి చనిపోయాడు. చరిత్ర ఖండికల ప్రతిని అతని స్నేహితురాలు, రచయిత్రి హన్నా ఆరెంట్ న్యూయార్క్ చేర్చింది. 1942లో అవి సైక్లోస్టైల్ సంచికలో వెలువడ్డాయి. యుద్ధం తర్వాత ఈ కాగితం మొదట బెంజమిన్ స్నేహితుడు, తత్వవేత్త థియోడోర్ అడోర్నో దగ్గరికి, అక్కడి నుంచి వీలునామా ప్రకారం జెరూసలేంలో ఉంటున్న షోలెమ్ దగ్గరికి చేరింది. షోలెమ్ 1982లో పోయాక, 1987లో మ్యూజియానికి కానుకగా వెళ్లింది. అదే ఏడాది విమ్ వెండర్స్ తీసిన ‘వింగ్స్ ఆఫ్ డిజైర్’ సినిమాలో, బెర్లిన్ గ్రంథాలయంలో పాఠకుల మనసులోని మాటలు దేవదూతలకు వినిపించే ఘట్టంలో, బెంజమిన్ ఈ బొమ్మను కొన్న సంగతి కూడా వినిపిస్తుంది.

కాగితం, నీటిరంగు వెలుతురును ఎక్కువకాలం తట్టుకోవు కాబట్టి అసలు బొమ్మ ఎక్కువగా చీకట్లోనే ఉంటుంది. పుస్తకాల అట్టల మీద, పోస్టర్ల మీద తిరిగేవి నకళ్లు. ప్రభను నకళ్లు చెరిపేస్తాయన్న బెంజమిన్ లెక్క ఇక్కడ తప్పింది. ఈ కాగితానికి ప్రభ తెచ్చిపెట్టింది అవే.

అడుగు కాగితం సంగతి బయటపెట్టింది అమెరికన్ చిత్రకారిణి ఆర్. హెచ్. క్వేట్‌మన్. బొమ్మ అంచుల చుట్టూ కనిపించే సన్నని గీతలను, అక్షరాలను పట్టుకుని వెతికి, అది లూకాస్ క్రానాక్ వేసిన మార్టిన్ లూథర్ చిత్రపటం ఆధారంగా ఫ్రీడ్రిక్ ముల్లర్ 1838లో చెక్కిన ముద్రణ అని 2015లో తేల్చింది. దాంతో వ్యాఖ్యానాలకు కొత్త ఊపు వచ్చింది. యూదుల మీద విషం కక్కుతూ 1543లో పుస్తకం రాసిన లూథర్‌ను యూదు తత్వవేత్త బెంజమిన్ దేవదూత కప్పేస్తోందన్నారు. గట్టి అట్ట కావాలనుకున్న చిత్రకారుడు చేతికి అందినదాన్ని వాడుకోవడం కూడా లోకంలో ఉన్నదే.

2025 మే నెలలో, యుద్ధం ముగిసి 80 ఏళ్లయిన సందర్భంగా, ఈ కాగితాన్ని బెర్లిన్‌లోని బోడె మ్యూజియంకు తీసుకెళ్లారు. బెంజమిన్ రాతప్రతులు, యుద్ధంలో దెబ్బతిన్న, నాశనమైన కళాకృతుల ఆనవాళ్లు, వెండర్స్ సినిమా దృశ్యాలు దాని పక్కన పెట్టారు. ప్రదర్శన జూలైలో ముగిసింది.