స్థాపనభంగ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ఇంతకంటె సమర్థమగు సాధనము మీ యంత్రమున నిదివఱకే కలదు; కావున స్థాపన మింతటితో విరమించును.

అవతారిక: విండోస్ కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌ను ఇన్‌స్టాల్ చేయబూనిన గృహస్థుతో ఇన్‌స్టాలర్ ఆంగ్లంలో పలికే వాక్యానికి ఇది తెలుగు సేత. 2008లో పీడీఎఫ్ ఐఎస్ఓ ప్రమాణమైంది, నేడు బ్రౌజర్లే దానిని తెరుస్తున్నాయి గనుక వేరే రీడర్ ఎందుకని ఆక్షేపించవచ్చును గాని, ఈ-ఆధార్ మీది డిజిటల్ సంతకం దగ్గర కనబడే ప్రశ్నార్థకం పచ్చని టిక్కుగా మారాలంటే సంతకాన్ని సరిచూడగల రీడర్ కావలసిందే గనుక ఆ ఆక్షేపం నిలువదు.

టీక: ఇంతకంటె = 1993లో వెలకు అమ్మి, పిమ్మట ఉచితం చేసిన ఈ రీడర్‌కంటె; సమర్థమగు సాధనము = పత్రాన్ని చదవడమే గాక దిద్దనూగల, రుసుము చెల్లించి వాడవలసిన అక్రోబాట్; మీ యంత్రమున = గృహస్థు కంప్యూటర్‌లో; ఇదివఱకే కలదు = ఒకప్పుడు ఉండెను (వర్తమానాన్ని ఇక్కడ భూతార్థంలో గ్రహించాలి); విరమించును = క్షమాపణయైనా చెప్పక తప్పుకొనును.

తాత్పర్యం: అక్రోబాట్ నిజంగానే ఉన్నచోట వాక్యం యథార్థమే, అదీ చదవగలదు గనుక రీడర్‌తో పని లేదు. చిక్కంతా అది లేనిచోటనే. ట్రయల్ గడువు తీరిన అక్రోబాట్‌ను పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేయక ఫోల్డర్‌ను మాత్రం డిలీట్ చేసినప్పుడు, రిజిస్ట్రీలో, అనగా ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడున్నదో విండోస్ రాసిపెట్టుకొనే దఫ్తరంలో, గతించిన రైతు పేరు పహాణీలో కొనసాగినట్లు అక్రోబాట్ పేరు మిగిలిపోతుంది.

విశేషం: ఇన్‌స్టాలర్ ప్రత్యక్ష ప్రమాణాన్ని అంగీకరించదు, ఫోల్డర్ కనబడకున్నా దానికి దఫ్తరంలోని అక్షరమే వేదం. తన ప్రత్యర్థి తనకంటె గొప్పదని ఒప్పుకొనే ఈ వినయం మనుష్యులలో అరుదు, అయితే లేని ప్రత్యర్థికి మర్యాద చేయడం వల్ల గృహస్థుకు రెండూ దక్కవు.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే చాలునని కొందరంటారు. సకల రోగాలకూ ఒకే కషాయం పోసే ఈ పక్షం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే రిజిస్ట్రీ డిస్క్ మీద నిలిచి ఉంటుంది గనుక రీస్టార్ట్ వల్ల చెరగదు. కంట్రోల్ ప్యానెల్ జాబితాలో అక్రోబాట్ పేరుంటే అక్కడి నుంచే తీసివేసి, లేకుంటే ఇలాంటి శేషాలను తుడవడానికి అడోబీయే ఇచ్చే క్లీనర్‌ను నడిపి, ఆ తరువాతనే రీస్టార్ట్ చేయాలన్నది సిద్ధాంతం. అప్పుడు దఫ్తరంలో సాక్ష్యం దొరకనందున ఇన్‌స్టాలర్ మారుపలకక రీడర్‌ను లోనికి రానిస్తుంది.