సింగరేణి బొగ్గుగని క్వార్టర్లో కైక్ చిలుకతో కాపురం: తలకిందుల సలహాలు

కైక్ వెల్లకిలా పడి కాళ్లు పైకెత్తితే డాక్టరుకు ఫోన్ చేయకండి. బంతినో తాడునో కాళ్లతో పట్టుకుని పొర్లుతోందంటే ఆడుకుంటోందన్నమాట. పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మాత్రం నాగా పెట్టైనా సరే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి.

కరిస్తే ఓడిపోండి. తూకం నూటయాభై గ్రాముల చిల్లరే, కానీ పట్టిన వేలు వదలదు. కంటిపాప చిన్నదై పెద్దదై మెరుస్తుంటే, మెడ వెనక ఈకలు లేస్తే చెయ్యి చాపొద్దు. మీరు అరిస్తే దానికి తమాషా. కిక్కురుమనకుండా కిందికి దించి కాసేపు ముఖం తిప్పుకోండి. నాలుగు తగిలిస్తే దారికొస్తుందనే పెద్దల మాట వినకండి. కొట్టిన చేతి మీదికి అది మళ్లీ రాదు.

స్నానానికి తొట్టి కొనొద్దు. పళ్లెంలో తడి కొత్తిమీర పరవండి. అమెజాన్ అడవిలో తడి ఆకులకు ఒళ్లు రుద్దుకునే జాతి ఇది. రొమ్ము ఆనించి, కాళ్లతో తోసుకుంటూ, మెడ అటూ ఇటూ తిప్పుతూ కట్టంతా నలిపేస్తుంది. వంటింటి నేల పచ్చబడుతుంది. ఆ ఐదు నిమిషాలు చూడ్డానికైనా పిట్టను పెంచొచ్చు. మీ తువ్వాలు మీదా, జుట్టులోనూ ఇదే చేస్తుంది. చేయనివ్వండి.

నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్నాడని పగటిపూట పంజరానికి దుప్పటి కప్పకండి. పిట్టకు పది పన్నెండు గంటల నిద్ర కావాలి, అదీ రాత్రిపూటే. పొద్దున్నే, సాయంత్రం అరవడం దాని నైజం. గది మారాల్సింది మనిషే.

గాలి మంచిదని వేళాపాళా లేకుండా కిటికీలు తెరవకండి. ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు టైముకు మూసెయ్యండి, దుమ్ము అణిగాక తెరవండి. బొగ్గుల కుంపటి ఇంట్లో అసలే వద్దు. గనుల్లో విషవాయువును ముందే పసిగట్టడానికి కానరీ పిట్టలను వాడమని 1890లలో హాల్డేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా అవి ఉన్నాయి. పిట్ట ఊపిరి మనకన్నా ముందు దెబ్బతింటుందన్న సంగతి బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లకు ఒకరు చెప్పాలా? నాన్‌స్టిక్ పెనం మాడినా ఆ పొగకు పిట్ట నిమిషాల్లో పోతుంది. ఇనప పెనం చాలు.

ఖర్చెందుకని రామచిలుకను పట్టి తెచ్చుకుంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కైక్ విదేశీ పిట్టే అయినా, 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

కైక్ పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు బతుకుతుంది. సింగరేణిలో రిటైర్మెంటు 61కి, ఆపైన క్వార్టరు ఖాళీ చేయాలి. నలభై దాటినవాళ్లు పంజరం కొనకముందే పిట్టకు వారసుడెవరో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. కొడుకో కోడలో సరేనంటేనే కొనండి.