వెంట్రుకలు ఊడని గుండు

కొత్త బండికి అన్నవరంలో పూజ చేయించేటప్పుడు చూడాలి టైరు వైభవం. హెడ్‌లైటుకి కుంకుమబొట్టు, హ్యాండిలుకి బంతిపూల దండ, టైరు కింద నిమ్మకాయ. పంతులుగారు "ఊఁ, ఎక్కించండి" అనగానే నిమ్మకాయ చితికి రసం కారుతుంది. ఇంటిల్లిపాదీ వంగి మరీ చూస్తారు. మనిషి వంగి టైరు వంక చూడటం అదే మొదలు, ఇంచుమించు అదే ఆఖరు. ట్యాంకు మీద గోరంత గీత పడితే రాత్రంతా నిద్రపోనివాడు కూడా, టైరు నున్నగా అయిపోయిందని ఎవరైనా అంటే "ఔనా?" అని పక్కింటివాళ్ల కబురు విన్నట్టు వింటాడు.

ఎన్ని సీసీల ఇంజనైనా కానివ్వండి, ఎంత ఖరీదైన డిస్కు బ్రేకైనా కానివ్వండి, బండి రోడ్డుకి ఆనేది రెండు అరచేతులంత మేర. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపాల్సింది ఆ అరచేతులంత రబ్బరే. ఈ మాట మా మావయ్యకి చెప్పాను. "రెండు అరచేతులంత చోటుకి టైర్ల షాపువాడు రెండు వేలు అడుగుతున్నాడా! గజం ఎంత పడిందిరా?" అన్నారు.

మావయ్య ట్రెజరీలో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో టైరు మీది రబ్బరు మంజూరైన బడ్జెట్టు. మార్చి నెలాఖరుకి పైసా మిగిలినా నిధులు మురిగిపోయినట్టే. అందుకని ఆయన బండి వెనక టైరు మీద నిల్వ ఏమీ మిగల్చలేదు.

వెనకదే ముందు అరుగుతుందని అందరికీ తెలిసిందే. ఇంజను తిప్పేది దాన్నే. మనిషి బరువు, వెనక కూర్చున్న అత్తయ్య బరువు, ఇద్దరి మధ్యా ఇరికించిన పాతిక కిలోల బియ్యం బరువు, చాలావరకు దాని నెత్తినే. పైగా రాజమండ్రి దాటితే మా రోడ్లు కాలవ గట్టు పట్టుకుని తిన్నగా పోతూనే ఉంటాయి. మలుపుల్లో బండి పక్కకి వాలితే కదా అంచులు అరిగేది! నడిమధ్య ఒక్కటే అరిగి అరిగి బల్లపరుపైపోతుంది. ఆ దశకొచ్చిన టైరుతో తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ తెలీదు. మలుపులో మాత్రం బండి ముందు మొరాయిస్తుంది, తర్వాత చదును దాటి అంచు మీదకి ఒక్కసారిగా ఒరుగుతుంది. ఇక గాలి సంగతి. ఎక్కువ కొడితే నడుము, తక్కువ కొడితే అంచులు త్వరగా అరుగుతాయి. గాలి తక్కువైన టైరు నలిగి నలిగి వేడెక్కి లోపల్నుంచీ చెడుతుంది. ఎంత కొట్టించాలో బండిమీదే స్టిక్కరు ఉంటుంది గానీ, బంకులో కుర్రాడు అడిగితే ఆ స్టిక్కరు వంక చూసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. "నువ్వే చూసి కొట్టరా బాబూ" అంటాం. వాడు ఆకాశం వంక చూసి కొడతాడు.

ఓ సాయంత్రం మావయ్యగారి వాకిట్లో సెల్‌ఫోను లైటు వేసుకుని బండి వెనకాల చతికిలబడ్డాను. టైరు పక్కగోడ మీద అక్కడక్కడా ఓ చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అన్న మూడక్షరాలో ఉంటాయి. ఆ గుర్తుకి తిన్నగా పైకి వెళ్లి గాడిలోకి చూస్తే అడ్డంగా ఓ చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. పైనున్న గ్రిప్పు అరిగి ఆ దిమ్మతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. కొలబద్ద అక్కర్లేదు, మెకానిక్కు అక్కర్లేదు. కంపెనీవాడే అచ్చులో పోసి ఇచ్చాడు.

"ఇదిగో మావయ్యా, ఈ దిమ్మ చూడండి."

"చూశాను. బాగానే ఉందిగా?"

"దిమ్మ బాగుండటమే ప్రమాదం. అసలు గాడి ఏది? టైరు గుండైపోయింది."

ఆయన కళ్లజోడు సవరించుకుని, నన్ను పక్కకి జరగమని, టైరు అంచు మీద వేలు పెట్టారు. అక్కడ సన్నగా, నల్లగా, నిక్కబొడుచుకుని రబ్బరు వెంట్రుకలు. ఫ్యాక్టరీలో అచ్చు బిగించినప్పుడు గాలి పోవడానికి వదిలిన సందుల్లోంచి వేడి రబ్బరు పాకి అలా మిగులుతుంది. రోడ్డు తగలని అంచున ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

"వెంట్రుకలే ఊడలేదు, గుండంటావేంట్రా!"

దీనికి సమాధానం లేదు. అందుకని చట్టంలోకి వెళ్లాను. ప్రభుత్వోద్యోగం చేసినవారికి రూలు నంబరు చెబితే మెత్తబడతారని నా నమ్మకం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ రూలు టైర్ల గురించే. గ్రిప్పు లోతు కార్లకి 1.6 మిల్లీమీటర్లకి, ద్విచక్ర వాహనాలకి 0.8 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ఫోనులో చూపించాను. మావయ్య రెండుసార్లు చదివారు. మొహం వెలిగిపోయింది.

"కార్లకి 1.6, మనకి 0.8! అంటే గవర్నమెంటే మనకి సగానికి సగం రాయితీ ఇచ్చింది కదరా. ఇన్నాళ్లూ తెలీదు."

మిల్లీమీటరు కూడా నిండని ఆ లెక్క ఆఖరి హద్దు మాత్రమేననీ, వానాకాలం వస్తుంటే అందాకా ఆగడం తెలివైన పని కాదనీ చెప్పబోయాను. రాయితీ దొరికాక షరతులు ఎవరు వింటారు?

గోరుచుట్టు మీద రోకటి పోటులా ఈలోగా బెంగళూరు నుంచి బావ దిగాడు. 2023 సెప్టెంబరులో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ పందేలు జరిగాయి కదా, అప్పట్నుంచీ వాడికి ఆ పిచ్చి. "నాన్నా, రేసు బండ్ల టైర్లకి అసలు గాడులే ఉండవు. నీ టైరులాగే నున్నగా ఉంటాయి. గంటకి మూడు వందల పైచిలుకు స్పీడు!" అన్నాడు. మావయ్య నావంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

వాడు చెప్పింది అబద్ధం కాదు, అదే వచ్చిన చిక్కు. గాడులున్నది నీళ్లని పక్కకి నెట్టడానికే. రోడ్డు పొడిగా ఉన్నంతసేపూ గాడులు లేకపోతే ఇంకాస్త ఎక్కువ రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది. కానీ ఆ రబ్బరు వేరు. మహా మెత్తన. వేడెక్కితే గానీ పట్టు ఇవ్వదు, అందుకని పందేనికి ముందు టైర్లకి కరెంటు దుప్పట్లు చుట్టి ఉంచుతారు. ఒక్క పందెంతో దాని ఆయుష్షు సరి. వాన పడిందా, గాడులున్న టైర్లు బిగించిన ఇంకో బండి ఎక్కుతారు. మన టైరు అరిగి నున్నగా అయింది, వాళ్లది మెత్తగా పుట్టింది. ఇదంతా ఓపిగ్గా వివరించాను. మావయ్య అంతా విని, "దుప్పటి మనింట్లోనూ ఉందిగా" అన్నారు.

తీర్పు వరుణదేవుడు ఇచ్చాడు. మృగశిర కార్తెలో తొలిజల్లు. గట్టివాన రోడ్డుని కడుగుతుంది గానీ, తొలి తుంపర మహా మోసకారి. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, లారీలు కార్చిన ఆయిలు, ట్రాక్టరు చక్రాలకి అంటుకొచ్చిన చేలగట్టు మట్టి, అన్నీ కలిసి పల్చటి జిగురులా లేస్తాయి. కడియపులంక దగ్గర, రెండువైపులా నర్సరీలు బారులు తీరిన చోట, మావయ్య బ్రేకు వేశారు. చక్రం ఆగింది. బండి ఆగలేదు. వెనక భాగం ముందుకు వెళదామని సరదాపడి పక్కకి తిరిగింది. అదృష్టం, మెల్లగా పోతున్నారు. రోడ్డు దిగి, క్రోటన్సు దాటి, జామ మొక్కల వరసలో తాపీగా కూలబడ్డారు. మోచేతి మీద కాస్త చర్మం గీరుకుపోయింది, అంతే. నర్సరీ కుర్రాడు పరిగెత్తుకొచ్చి లేవదీస్తుంటే, "ఈ జామ ఏ రకం?" అని అడిగారట. మొక్క కొనుక్కునే ఇంటికొచ్చారు. గేదె అడ్డం రాలేదు, కుక్క అడ్డం రాలేదు, మీరెందుకు పడ్డారని అత్తయ్య నిలదీస్తే, పడలేదు, జామ మొక్క కోసం ఆగానన్నారు.

మర్నాడు టైరులో గాలి లేదు. పంచరు షాపుకి తోసుకెళ్లాం. షాపతను ట్యూబు లాగి, గాలి నింపి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పాడు. బుడగలు ఒక చోట కాదు, మూడు చోట్ల లేచాయి. పాత ప్యాచీ పక్కన ప్యాచీ, ప్యాచీ మీద ప్యాచీ. ట్యూబు పక్కన పడేసి, టైరు రెండంచులూ పట్టుకుని లోపలి భాగం బయటికి వచ్చేలా విరిచాడు. నడిమధ్య రబ్బరు పోయి, సన్నటి నైలాను దారాలు తేలాయి. పక్కగోడ నిండా సన్న పగుళ్లు.

"ఆయ్, ఇంకెక్కడి టైరండీ బాబూ. ఇది గుడ్డండి."

"ఇంకో రెండు వేలు తిరగదంటావా?" అన్నారు మావయ్య, కిలోమీటర్ల లెక్కలో.

"తిరుగుద్దండి. మీరే తిరిగి రారు. మీరు టైరు మారిస్తే నాకే నష్టమండి, వారం వారం వచ్చే బేరం పోద్ది. అయినా చెబుతున్నానంటే చూసుకోండి మరి."

ఆదాయం పోతుందని తెలిసి కూడా సలహా ఇచ్చేవాడి మాట మావయ్య లాంటివారికి వేదం. కాస్త మెత్తబడ్డారు. నేను అదను చూసి టైరు పక్కన తయారీ తేదీ చూపించాను. నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ఆయన టైరు మీద 3214. అంటే 2014లో 32వ వారం, ఆగస్టు మొదట్లో. రాష్ట్రం విడిపోయిన రెండు నెలలకి పుట్టిందన్నమాట. "ఆ ఏడు ఫైళ్లు పంచలేక చచ్చాంరా" అని మావయ్య కాసేపు ఆ రోజుల్లోకి వెళ్లిపోయారు. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుందనీ, గట్టిపడి పట్టు పోతుందనీ, పదేళ్లు దాటితే పైకెంత బాగున్నా తీసేయమని కంపెనీలే చెబుతాయనీ అన్నాను. ఆయన వేళ్లు మడిచారు. 2024 జూన్ నుంచి ఆగస్టు.

"అయితే ఇంకా రెండు నెలలు సర్వీసుంది."

ఎలాగోలా ఒప్పించి బయల్దేరదీస్తే, టైర్ల షాపుకి వెళ్లే దారంతా మావయ్య షేర్ల గొడవ. "1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఓ షెడ్డులో బుడగలు చేసుకునేవాళ్లు ఎమ్మారెఫ్ వాళ్లు. 1952లో అరిగిన టైర్లకి పైతొడుగు వేసే రబ్బరు మొదలుపెట్టారు. 2023 జూన్ 13న ఆ కంపెనీ షేరు లక్ష రూపాయలు దాటింది. లక్షరా! అరిగిన టైరుని గౌరవించే పైకొచ్చారు వాళ్లు. నాబోటి పెన్షనరు రెండు వేల కోసం వాళ్లెవరైనా ఎదురుచూస్తున్నారా?" ఆ కథలో తనకి కావలసిన ముక్క మాత్రం కత్తిరించుకునే నేర్పు ఆయనకి ఆడిటు పేరాలకి జవాబులు రాసే రోజుల్లో అబ్బింది.

షాపువాడు కొత్త టైరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాగితం చుట్టు తీస్తుంటే ఘాటుగా రబ్బరు వాసన, ఒళ్లంతా వెంట్రుకలు. మావయ్య ధర అడగలేదు. గ్రిప్పు చూడలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, టైరు గిరగిరా తిప్పి, నేను నేర్పిన ఆ నాలుగంకెల దగ్గర ఆపారు. పెదాలతో లెక్క కట్టారు.

"ఇది ఏడు నెలల కిందటి సరుకయ్యా."

"కొత్తదేనండీ. వాడంది. గోడౌనులో ఏడు నెలలుంటే ఏం కాదండి."

"పాత స్టాకు నాకొద్దు. ఫ్రెష్‌ది తీయి."

పదేళ్ల టైరు మీద ఊరేగిన మనిషి నోట ఆ మాట విని నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. షాపువాడు అటక ఎక్కాడు, దిగాడు, పక్క షాపుకి కుర్రాణ్ణి పంపాడు. చివరికి రెండు నెలల నాటిది దొరికింది. దాన్ని కూడా "పోనీలే" అన్నట్టు ఒప్పుకున్నారు. పనిలోపనిగా ట్యూబు కూడా మార్పించాను. పక్కగోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా అని ఆయనే వంగి చూశారు. రశీదు అడిగి తీసుకున్నారు.

బిగించడం అయ్యాక షాపువాడు, "మొదట్లో నూటయాభై కిలోమీటర్లదాకా జాగ్రత్తండి. పైన నున్నటి పొర ఉంటది, అది పోయేదాకా కొత్త టైరు జారుద్ది" అన్నాడు. నిజమే, అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు, ఎక్కువగా వాల్చకూడదు.

మావయ్య నా వైపు తిరిగారు. "జారడానికైతే నా పాతది ఉంది కదరా. దీనికి మళ్లీ రెండు వేలా?"

పాత టైరుకి షాపువాడు ఇస్తానన్న రేటు విని ఛీ అన్నారు. దొడ్లో రేకులు గాలికి లేస్తున్నాయి, వాటి మీద బరువుకి పనికొస్తుందని టైరు భుజానికి తగిలించుకుని నా వెనక ఎక్కారు. దారిలో నాలుగైదు చినుకులు పడ్డాయి. నేను బండి ఇరవైకి మించనివ్వలేదు.

ముందర ఆటో ఆగడంతో బ్రేకు నొక్కాను. బండి ఎక్కడికక్కడ ఆగింది.

వెనక నుంచి వీపు మీద ఒక్కటి చరిచారు. "మెల్లిగారా! అలా బ్రేకులు వేస్తే అరిగిపోదూ?"